తలుపు తీసినా వెలగని దీపాలు: కారులో పెట్టించుకున్న రెండు స్విచ్‌లపై సమీక్ష

కారు తలుపు తీయగానే లోపలి దీపాలు వాటంతట అవే వెలగడాన్ని చాలామంది సౌకర్యంగానే చూస్తారు. వానలో తడుస్తూ పరుగున వచ్చి ఎక్కేటప్పుడూ, నిద్రపోతున్న చంటిపిల్లను భుజాన వేసుకుని సీటు సర్దుకునేటప్పుడూ అది నిజంగా సౌకర్యమే. అయితే ఆ వెలుగు అక్కర్లేని వేళ దాన్ని ఒక్కచోట నుంచి ఆపే ఏర్పాటు వాహనంలో లేకపోతే అదే సౌకర్యం చికాకుగా మారుతుంది. ఆ చికాకును పోగొట్టుకోవడానికి గత నవంబరులో విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ మేస్త్రీ చేత మా వాహనానికి రెండు స్విచ్‌లు పెట్టించాను. ఒక చలికాలం, ఒక ఎండాకాలం, వానాకాలంలో కొంత భాగం వాటిని వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కొత్తగా పెట్టించిన రోజున రాసి ఉంటే పొగడ్త ఎక్కువై, ఉపయోగపడే సంగతి తక్కువై ఉండేది.

మాది పదేళ్లు దాటిన ఏడు సీట్ల డీజిల్ వాహనం. కంపెనీ పేరూ మోడలూ కావాలనే రాయడం లేదు. ఒకే మోడల్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి, వేరియంట్‌ను బట్టి తీగల రంగులూ ఫ్యూజుల స్థానాలూ మారిపోతుంటాయి. నేను పేరు రాసి, ఫలానా రంగు తీగ అని చెబితే, చదివినవారిలో ఎవరో ఒకరు ఆదివారం మధ్యాహ్నం కటింగ్ ప్లేయర్ పట్టుకుని అదే రంగు తీగ కోసం డాష్‌బోర్డు కింద దూరతారు. ఈ పనిలో రంగు చూసి కోయడం కన్నా పెద్ద పొరపాటు మరొకటి లేదు.

ఇంతకీ నాకు ఈ స్విచ్‌లు ఎందుకు కావలసి వచ్చాయో చెప్పాలి. నాకు ఆకాశాన్ని చూసే అలవాటు ఉంది. ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపును వెనుక సీట్లు మడిచి పెట్టుకుని, నెలకు ఒకసారి అమావాస్యకు అటూ ఇటూగా వినుకొండ అవతల మా మేనమామ గారి మిరప చేనుకు వెళ్తుంటాం. నాతో ముగ్గురు మిత్రులు వస్తారు. అక్కడ ఊరి దీపాలు గుట్ట చాటున ఉండిపోతాయి, కల్లంలో చదునైన నేల ఉంటుంది, దొంగతనం భయం లేదు. ఇన్ని అనుకూలతలున్న చోట ఆకాశాన్ని చెడగొట్టేది మా వాహనమే కావడం నాకు మొదటినుంచీ సిగ్గుగా ఉండేది.

చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే పని నేత్రపటలంలోని దండకణాలది. వాటిలో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం వెలుతురు తగలగానే విడిపోతుంది, చీకట్లో మళ్లీ నెమ్మదిగా తయారవుతుంది. అంటే అరగంట కూర్చుని సంపాదించుకున్న చూపు, ఎవరో మంచినీళ్ల సీసా కోసం కారు తలుపు తీసిన క్షణంలో పోతుంది. పోయేది తీసినవాడి ఒక్కడిదే కాదు, అటువైపు ముఖం పెట్టి నిలబడిన నలుగురిదీ పోతుంది. మా వాహనంలో తలుపు మూసిన తరువాత కూడా దీపాలు మరో 15 సెకన్లు వెలిగి, ఆ పైన మెల్లగా మందగించి ఆరిపోతాయి. పట్నంలో ఇది ముచ్చటగా ఉంటుంది. చేను మధ్యలో మాత్రం ఆ పదిహేను సెకన్లు చాలా పొడుగు. మా మేనమామ ఒకసారి మంచం మీద నుంచే, "అల్లుడూ, చుక్కలు చూస్తామని వచ్చి పెళ్లిపందిరి వేశారేంట్రా?" అని అడిగారు. ఆ రాత్రే ఈ సంగతి తేల్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

దీపం పక్కనే ఆపే మీట ఉంటుంది కదా, దానితో సరిపోదా అని చాలామంది అడిగారు. సాధారణంగా పైకప్పు దీపానికి మూడు స్థానాలుంటాయి: ఎప్పుడూ వెలిగేది ఒకటి, తలుపుతో వెలిగేది ఒకటి, ఎప్పుడూ వెలగనిది ఒకటి. ఒకే దీపం ఉన్న పాత వాహనాల్లో ఆ మీటను మూడో స్థానంలో పెడితే పని అయిపోతుంది, వారికి ఈ సమీక్షతో అవసరమే లేదు. మా వాహనంలో ముందు వరుసపై రెండు, మధ్య వరుసపై ఒకటి, ముందు తలుపుల అడుగున చెరొకటి, డిక్కీలో ఒకటి ఉన్నాయి. తలుపుల అడుగున ఉన్నవాటికీ డిక్కీ దానికీ మీట అనేదే లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఒక చిన్న వెలుగు వలయం ఉంటుంది, దానికీ లేదు. మిగిలిన మూడింటికి ఉన్న మీటలను ప్రతిసారీ చీకట్లో తడుముకుంటూ సరైన స్థానానికి తేవాలి, ఒక గీత అటు జరిగితే అదే పూర్తిగా వెలుగుతుంది.

స్విచ్‌ల దాకా రాకముందు మేము చేయని ప్రయత్నం లేదు. మొదట నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించాం. అది ఎండకు కరిగి దీపం గాజు మీద జిగురు మరకగా మిగిలింది. తరువాత ఎర్ర జిలెటిన్ కాగితం నాలుగు పొరలు వేసి చూశాం. ఎర్రటి మసక వెలుతురు దండకణాలను అంతగా చెరపదు కాబట్టి ఆ ఆలోచన మంచిదే, కానీ ఆ బల్బుల వేడికి కాగితం ముడుచుకుపోయి పక్కల నుంచి తెల్లటి వెలుగు కారేది. డిక్కీ తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, తలుపు మూసినట్టుగా వాహనాన్ని నమ్మించడం మా మిత్రుడు కనిపెట్టిన ఉపాయం. అది చక్కగా పనిచేసింది. తెల్లవారుజామున నిద్రమత్తులో, గొళ్లం మూసి ఉన్న సంగతి మరచి తలుపును బలంగా కిందికి కొట్టేదాకా అంతా బాగానే ఉంది. ఆ దెబ్బకు పడిన నొక్కు ఇప్పటికీ ఉంది.

ఇంకొక కారణం బ్యాటరీ. మా దీపాల లెక్క చూస్తే ముందు రెండూ 5 వాట్లవి, మధ్యది 10 వాట్లది, తలుపులవి రెండూ 5 వాట్లవి, డిక్కీది 5 వాట్లది, మొత్తం 35 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది సుమారు 3 ఆంపియర్లు. సామాను తీసుకుంటూ, పెట్టుకుంటూ తలుపులు బార్లా తెరిచి ఆరు గంటలు గడిపితే 18 ఆంపియర్ అవర్ దాకా ఖర్చవుతుంది. మాది 65 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అప్పటికే మూడేళ్లు వాడినది. డిసెంబరు చలిలో తెల్లవారుజామున నాలుగింటికి డీజిల్ ఇంజను తిప్పడానికి అది మొరాయిస్తే, చేను మధ్యలో నెట్టడానికి నలుగురు మాత్రమే ఉంటారు. కొత్త వాహనాల్లో కొంతసేపటికి ఈ దీపాలను వాటంతట అవే ఆర్పేసే ఏర్పాటు ఉంటోంది. మా దానికి లేదు.

స్విచ్ పెట్టించాలనుకున్న తరువాత మొదట ఒక అలంకరణ సామగ్రి దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా ఫ్యూజు పీకేస్తే చాలన్నాడు. దీపాల ఫ్యూజు చాలా వాహనాల్లో దీపాలకు మాత్రమే ఉండదు. గడియారానికీ, స్టీరియోలో దాచుకున్న స్టేషన్ల జ్ఞాపకానికీ అదే దారిలో కరెంటు వెళ్తుంటుంది. మా వాహనంలోనూ అంతే, ఫ్యూజు తీసి పెడితే ప్రతిసారీ గడియారం పన్నెండుకు తిరిగి వెళ్తుంది. ఆ మాట చెబితే, అయితే తలుపుల స్విచ్ తీగలే కోసి మధ్యలో మన స్విచ్ పెడదామన్నాడు, దానికో రిలే, అంటే కరెంటుతో పనిచేసే మరో స్విచ్, కూడా కావాలన్నాడు, అన్నీ కలిపి 4,500 రూపాయలు అన్నాడు. దండం పెట్టి బయటికి వచ్చాను. కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగితే, అసలు తీగల కట్టను తాము ముట్టుకోమని మర్యాదగా చెప్పారు. వారి వైపు నుంచి అది సరైన మాటేనని నా అభిప్రాయం. వారంటీ గడువులో ఉన్న వాహనమైతే నేనూ ముట్టుకోనిచ్చేవాడిని కాదు.

చివరికి ఆటోనగర్‌కు చేరాను. విజయవాడ ఆటోనగర్ గురించి తెలిసినవారికి చెప్పక్కర్లేదు. లారీ బాడీ కట్టడం దగ్గర నుంచి పంపు నాజిల్ సరిచేయడం దాకా ఒక్కో వీధిలో ఒక్కో పని జరిగే చోటు అది. నేను వెళ్లిన షెడ్డు ప్రధానంగా లారీలకూ బస్సులకూ వైరింగ్ చేస్తుంది. కారు పని అక్కడ చిన్న పని, ఆ సంగతి వాళ్లు దాచలేదు కూడా. మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. నేను కావలసినది చెప్పడం పూర్తయ్యాక, తలుపు ఒకసారి తీసి మూసి, దీపాలు మెల్లగా ఆరడం చూసి, "ఇది నేరుగా ఎర్త్ అయ్యే లైటు కాదు సార్, మధ్యలో డబ్బా ఉంది" అన్నారు. పని తెలిసిన మనిషి దగ్గరకు వచ్చానని నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది.

ఆ మాటలో ఉన్న విషయం ఈ పని చేయించుకోదలచిన ప్రతి ఒక్కరికీ తెలియాలి. పాత పద్ధతిలో దీపానికి ఫ్యూజు మీదుగా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తలుపు పట్టీలో పొత్రం లాంటి చిన్న స్విచ్ ఉంటుంది, తలుపు తీయగానే అది బయటికి వచ్చి దీపం రెండో కొసను ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ కొసతో కలిసి ఉండే వాహనపు లోహపు బాడీకి, కలుపుతుంది, దీపం వెలుగుతుంది. అలాంటి వాహనంలో ఆ ఎర్త్ తీగ మధ్యలో ఒక స్విచ్ పెడితే కథ ముగుస్తుంది. కొంచెం కొత్త వాహనాల్లో తలుపు స్విచ్ దీపాన్ని నేరుగా వెలిగించదు. తలుపు తెరుచుకుందన్న కబురును ఒక నియంత్రణ డబ్బాకు పంపుతుంది. ఆ డబ్బా దీపాలను వెలిగిస్తుంది, ఆలస్యంగా ఆర్పుతుంది, మీటరులో తలుపు బొమ్మను వెలిగిస్తుంది, తాళంచెవి మరచిపోతే కూత పెడుతుంది, సెంట్రల్ లాకింగ్‌కు సంబంధించిన నిర్ణయాలు కూడా చేస్తుంది. అంటే ఒకే కబురు మీద నాలుగైదు పనులు ఆధారపడి ఉంటాయి. దుకాణంలో కుర్రాడు చెప్పినట్టు తలుపు తీగను కోస్తే దీపాలు ఆరతాయి, నిజమే. దానితోపాటు తలుపు సరిగా పడలేదన్న హెచ్చరిక కూడా పోతుంది, తలుపు తెరిచి ఉండగానే లాక్ పడే ప్రమాదమూ వస్తుంది. మేస్త్రీ దీన్ని నాకన్నా తక్కువ మాటల్లో చెప్పారు: "తలుపు తీసిన సంగతి బండికి తెలియాలి సార్. లైటుకు తెలియకపోతే చాలు."

అందుకని ఆయన డబ్బాకు ముందున్న తీగలను వదిలేసి, డబ్బా నుంచి దీపాలకు వెళ్లే ఎర్త్ తీగను వెతికారు. వెతకడానికి బల్బు ఉన్న టెస్టరు కాకుండా మల్టీమీటరు వాడారు. బల్బు టెస్టరు తనంతట తాను కొంత కరెంటు లాగుతుంది కనుక, ఏ తీగ ఏదో తెలియకముందు దాన్ని డబ్బా తీగలకు గుచ్చడం మంచిది కాదు. తలుపు మూసినప్పుడు 12 వోల్టులూ, తీసినప్పుడు సున్నా దగ్గరికీ వచ్చే తీగ దొరికిన తరువాత, దాన్ని వెంటనే కోయకుండా కప్లర్ (తీగలు ఒకదానితో ఒకటి కలిసే ప్లాస్టిక్ ప్లగ్గు) దగ్గర దాని పిన్ను బయటికి తీసి, దీపాలన్నీ ఆరాయా, మీటరులో తలుపు బొమ్మ వస్తోందా, కూత వస్తోందా, గడియారం నడుస్తోందా అని ఒక్కొక్కటీ నా చేత చూపించుకున్నారు. ముందు దీపాలు, మధ్య దీపం, తలుపుల అడుగువి, తాళం దగ్గరి వలయం అన్నీ ఆ ఒక్క తీగతోనే ఆరాయి. డిక్కీ దీపం మాత్రం ఆరలేదు. దాని దారి వేరు, అది డిక్కీ గొళ్లంలో ఉన్న స్విచ్ మీదుగానే వెలుగుతుంది. నేను రెండు స్విచ్‌లు కావాలని ముందే అనుకోవడం అలా కలిసొచ్చింది. టెలిస్కోపు దించేటప్పుడు డిక్కీ దీపం కావాలి, లోపలి దీపాలు అక్కర్లేదు. తరువాత రెండూ అక్కర్లేదు.

ఎర్త్ వైపు కోయాలా, కరెంటు వైపు కోయాలా అన్నది ఒక చిన్న చర్చకు దారితీసింది. కరెంటు వైపు కోస్తే దీపాలు పూర్తిగా చచ్చిపోతాయి, పొరపాటున ఎవరి చెయ్యి మీట మీద పడినా వెలగవు. ఆకాశం చూసేవారికి అది ఎక్కువ భద్రం. ఎర్త్ వైపు, అదీ తలుపుకు సంబంధించిన తీగను మాత్రమే కోస్తే, తలుపు తీసినా దీపం రాదు కానీ కావాలనుకుంటే దీపం దగ్గరి మీటతో వెలిగించుకోవచ్చు. ఈ వాహనంలో మా అమ్మ కూడా ప్రయాణం చేస్తారు, రాత్రి వేళ మందుల డబ్బా వెతుక్కోవడానికి ఆమెకు దీపం కావాలి. కాబట్టి రెండో పద్ధతికే మొగ్గాను. దానివల్ల ఒకసారి నష్టపోయాను కూడా. జనవరిలో మిత్రుడొకడు సీటు మీద మోకాలు పెట్టి వంగినప్పుడు అతని తల తగిలి మధ్య దీపం వెలిగింది. తప్పు స్విచ్‌ది కాదు, ఎంపిక నాది.

రిలే అవసరం లేదని మేస్త్రీ మొదటే చెప్పారు. ఒక స్విచ్ మీదుగా వెళ్లేది ఎక్కువలో ఎక్కువ రెండున్నర ఆంపియర్లు, 10 ఆంపియర్ల స్విచ్ దాన్ని తేలికగా మోస్తుంది. పైగా దీపాలు ఆరి ఉన్నంతసేపూ రిలే తీగచుట్ట కరెంటు తాగుతూ ఉండేలా కలిపితే, బ్యాటరీ మిగుల్చుదామని చేసిన పని బ్యాటరీనే తింటుంది. 4,500 అడిగిన దుకాణంలో ఈ మాట ఎవరూ ఆలోచించలేదు.

స్విచ్ ఎంపిక దగ్గర మాత్రం మేము ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఆయన డబ్బాలో నుంచి తీసిన మొదటి రాకర్ స్విచ్‌కు మధ్యలో నీలం రంగు దీపం ఉంది, చాలా అందంగా ఉంది. చీకటి కోసం పెట్టించుకునే స్విచ్ మీద నీలం దీపం ఉంటే ఇక చేయించడం ఎందుకన్నాను. ఇప్పుడు మార్కెట్‌లో దీపం లేని స్విచ్ అడిగితే పాత సరుకు అడిగినట్టు చూస్తారు. చివరికి లారీల్లో వాడే సాదా నల్ల రాకర్ స్విచ్‌లు రెండు పక్క దుకాణం నుంచి తెప్పించారు. బిగించే ముందు ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "కిందికి నొక్కితే వెలగాలా, పైకి నొక్కితే వెలగాలా?" మన ఇళ్లలో స్విచ్ కిందికి నొక్కితే వెలుగుతుంది, చేతికి ఉన్న అలవాటు అదే. అలాగే పెట్టమన్నాను. చీకట్లో చూడకుండా వాడవలసిన వస్తువుకు ఇలాంటి చిన్న నిర్ణయం చాలా పెద్దది.

ఒక స్విచ్‌ను డ్రైవరు కుడి మోకాలికి పైన, కంపెనీవాళ్లు ఖాళీ మూత పెట్టి వదిలేసిన చోట అమర్చారు. ఖరీదైన వేరియంట్‌లో ఏదో మీట వచ్చే స్థానం అది. డాష్‌బోర్డుకు కొత్తగా రంధ్రం పెట్టవలసిన పని రాలేదు, రేపు వాహనం అమ్మేటప్పుడు మళ్లీ మూత పెట్టేయవచ్చు. రెండోది డిక్కీ ఎడమవైపు ప్లాస్టిక్ పలక మీద, సామాను తగలని లోతులో ఉంది. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా తీగ కొసలకు లగ్గులు అనే లోహపు ముక్కలు నొక్కి, వాటిపై స్లీవు వేసి వేడి చేశారు. టేపు అవసరమైన చోట గుడ్డ టేపు వాడారు. మన ఎండలకు మామూలు టేపు జిగురు కారుతుందని దీపం గాజు మీదే నేర్చుకున్నాను కాబట్టి దీన్ని ప్రత్యేకంగా గమనించాను. మే నెల ఎండలో వాహనం రోజంతా బయటే నిలిచిన తరువాత ఆ పలక తీసి చూశాను, అతుకులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పనంతా డాష్‌బోర్డు కిందా డిక్కీలోనూ జరిగింది కనుక పైకప్పుకు వెళ్లే స్తంభాల జోలికి వెళ్లలేదు. పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న వాహనాల్లో ఆ స్తంభాల లోపల, పైకప్పు అంచున అవి మడిచి ఉంటాయి, వాటి తీగలకు పసుపు రంగు తొడుగో పసుపు కప్లరో ఉంటుంది. అక్కడ నుంచి తీగ లాగుతానని ఎవరైనా అంటే వద్దని చెప్పి వచ్చేయాలి.

ఖర్చు విషయానికి వస్తే కూలి 1,500, స్విచ్‌లు రెండూ 240, తీగ, లగ్గులు, స్లీవులు కలిపి 260, మొత్తం 2,000 రూపాయలు అయింది. ఇంత జాగ్రత్తగా చేసిన పనికి ఇది ఎక్కువని నేను అనుకోను.

ఇక లోపాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోతుందన్న పని సాయంత్రం అయిదున్నరకు అయింది, ఎందుకంటే మధ్యలో రెండు లారీలు వచ్చాయి, లారీ వస్తే అక్కడ కారు పక్కకు జరగవలసిందే. కూర్చోవడానికి ఉన్నది ఒక పాత బస్సు సీటు. డిక్కీ పలక ఊడదీసేటప్పుడు ఒక క్లిప్పు విరిగింది, అడక్కముందే ఆయనే చెప్పి వేరేది వేశారు, కానీ ఆ కొత్త క్లిప్పు రంగు కలవలేదు. రసీదు కాగితం మీద మొత్తం మాత్రమే రాసి ఇచ్చారు, ఏ తీగను ఎక్కడ కోసి కలిపారో గీసి ఇమ్మంటే తల గోక్కున్నారు. ఆ బొమ్మ నేనే గీసి, డాష్‌బోర్డు అరలో వాహన పత్రాలతోపాటు పెట్టాను. రేపు మరో మేస్త్రీ ఈ వాహనం విప్పితే అతను గంటసేపు తికమకపడకుండా ఉండటానికి ఆ కాగితం అవసరం. ఇది షెడ్డు వారు తమంతట తాము చేయవలసిన పని అని నా అభిప్రాయం.

అసలు స్విచ్‌లతో ఉన్న పెద్ద ఇబ్బంది, ఆపి ఉంచిన సంగతి గుర్తుండకపోవడం. సూచన దీపం వద్దన్నది నేనే కాబట్టి ఫిర్యాదు చేయలేను. మొదటి నెలలో ఒకసారి చేను నుంచి తిరిగి వచ్చాక వారం రోజులు అలాగే వదిలేశాను. ఒక సాయంత్రం కూరగాయలు సర్దాక డిక్కీ తలుపు సగమే పడింది. మామూలుగా అయితే లోపల వెలుగు చూసి తెలిసేది, అప్పుడు వెలుగు లేదు. వాహనం స్టార్ట్ చేయగానే మీటరులో తలుపు బొమ్మ వెలిగింది. తలుపు కబురును ముట్టుకోనని మేస్త్రీ పట్టుబట్టినందువల్లనే ఆ బొమ్మ ఇంకా బతికి ఉంది. ఆ తరువాత స్విచ్ పైభాగాన తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టాను, పగలు చుక్క కనిపించే తీరును బట్టి అది ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. తలుపు అడుగున ఉండే దీపాలు వెనుక నుంచి వచ్చే వాహనాలకు తలుపు తెరిచి ఉందన్న గుర్తు కూడా. అందుకని రోడ్డు పక్కన ఆగేటప్పుడు వాటిని ఆపి ఉంచకూడదు, ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పాను.

డిసెంబరు 13 రాత్రి జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా పడే వేళ ఈ స్విచ్‌లకు అసలు పరీక్ష జరిగింది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా తలుపులు ఎన్నిసార్లు తీశామో లెక్కలేదు, ఎవరి కళ్లూ చెదరలేదు. మా మేనమామ గొల్లకావడి అని పిలిచే మూడు చుక్కల కింద ఉండే మబ్బు మచ్చ ఆ రాత్రి టెలిస్కోపు లేకుండానే నాకు స్పష్టంగా కనిపించింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఏప్రిల్‌లో దక్షిణాన తక్కువ ఎత్తులో ఉండే ఒమేగా సెంటారి అనే నక్షత్ర గుచ్ఛాన్ని చూడటానికి వెళ్లినప్పుడూ అంతే. అనుకోని లాభం జూన్‌లో కలిగింది. తొలకరి వానకు ఉసిళ్లు లేచిన రాత్రి, కల్లంలో వెలుగుతున్న ఒకే ఒక్క బల్బు చుట్టూ అవి ముసిరాయి, బార్లా తెరిచిన మా వాహనంలోకి మాత్రం ఒక్కటీ రాలేదు. మా మేనమామ ఈ స్విచ్‌లను మెచ్చుకున్నది దానికే, చుక్కల కోసం కాదు. రాత్రి ప్రయాణాల్లో టీ కోసం ఆగినప్పుడు వెనుక సీట్లో నిద్రపోయే మా పాప కూడా ఇప్పుడు తలుపు చప్పుడుకు తప్ప వెలుగుకు లేవడం లేదు.

ఈ పని ఎవరికి అవసరం అంటే, రాత్రిళ్లు చీకట్లో నిలబడి పనిచేసేవారికి, వాహనంలోనే పడుకునేవారికి, పొలాల దగ్గరా చెరువుల దగ్గరా తలుపు తెరిచి ఉంచవలసినవారికి. ఒకే పైకప్పు దీపం ఉన్నవారికి అక్కర్లేదు. దీపాల సంగతి తెర మీద మెనూలోనే మార్చుకునే వీలున్న కొత్త వాహనాలవారు ముందు ఆ మెనూ వెతుక్కోవాలి, తీగ కోయడం తరువాతి మాట. వెతికినా దొరక్కపోతే, మేస్త్రీని ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది: ఏ తీగను ఆపుతారు, తలుపు తీగనా, దీపం తీగనా? జవాబు తడబడితే మరో షెడ్డుకు వెళ్లడం మేలు.

ఒక్క దీపం మాత్రం ఇంకా మిగిలి ఉంది. రిమోట్‌తో తాళం వేసినా తీసినా నాలుగు మూలల పసుపు ఇండికేటర్లు తళుక్కుమంటాయి. దాన్ని కూడా ఆపగలరా అని అడిగితే, అది బయటివాళ్లు చూడాల్సిన లైటు, దాని జోలికి తాను రానని మేస్త్రీ కరాఖండీగా చెప్పారు. అందుకని చేను దగ్గర తాళం వేయవలసి వచ్చినప్పుడు రిమోట్ జేబులోనే ఉంచి, తాళంచెవిని తలుపులో పెట్టి చేత్తోనే తిప్పుతున్నాను.